మిగిలింది

"నా కుక్కని నాకిచ్చెయ్. కాపురానికి రావడం, రాకపోవడం నీ ఇష్టం," అన్నాడు భర్త, గేటు బయట నిలబడి.

అత్తవారింటి నుంచి తన అక్క ఇంటికి వచ్చేసినప్పుడు ఆమె వెంట తెచ్చుకున్నది ఆ కుక్కనొక్కదాన్నే. అప్పుడది ఎముకల గూడు. పశువుల డాక్టరు చెప్పినట్టు ఒకేసారి గంపెడు పెట్టకుండా, పూటపూటకీ కాస్త అన్నం, ఉడికించిన గుడ్డు, మాంసం పెడుతూ బరువు పెంచింది. ఇప్పుడు నిగనిగలాడుతూ ఆమె కాళ్లకి ఆనుకుని గుర్రుమంటోంది.

"ఇవ్వను," అందామె.

"అక్కడేమైనా పస్తులుంచామా? మా అమ్మ రోజూ మిగిలిందంతా దానికే పెట్టేదిగా."

"దానికి కాదు. అత్తయ్య మిగిలింది నాకు పెట్టేది. అందులో సగం నేను దానికి పెట్టేదాన్ని."

అతను నోరు తెరిచేలోపే గేటుకి గొళ్లెం పెట్టింది.

"మా ఇద్దరికీ భోజనం వేళయింది. వెళ్లిరండి."