బిగువు కండెలు

"మళ్లా తెగిపాయ!"

మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఉచ్చీరమ్మ, దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెను విసురుగా పక్కన పెట్టింది. ఎదురుగా రాట్నం తిప్పుతూ కండెలకు నూలు చుడుతున్న కోడలు సునంద చెయ్యి ఆగిపోయింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

"నీ కండెలే మే. అంత బిగదీసి చుడితే దారం తెగక ఏం జేస్తాది? ఇంక చుట్టొద్దు. ఉన్నవి విప్పి నేను సూసుకుంటా. నువ్వు పో, పిల్లోణ్ణి ఎత్తుకో పో."

"ఈ ఒక్క కండె అయిపోనీ అత్తా."

"చుట్టి ఏం జేస్తావు? అదీ తెగేదే గదా!" అంటూ ఉచ్చీరమ్మ గోడ గడియారం వైపు చూసింది.

ఆ చూపు చూస్తే సునందకు ఒళ్లు మండుతుంది. కోడలు ఎంతసేపు కూర్చుంది, ఎంత పని చెడగొట్టింది అని ఆరా తీసే చూపు. పైకేమీ అనలేక లోపలికి పోయి, ఉయ్యాల్లో కదులుతున్న నాలుగు నెలల కొడుకుని ఒళ్లో వేసుకుంది.

నందవరంలో సునంద పుట్టింటివాళ్లూ నేతగాళ్లే. ఎనిమిదేళ్లప్పటి నుంచి ఆమె కండెలు చుడుతోంది. ఇంతవరకు ఒక్కరు వంక పెట్టలేదు. దారం తెగితే వాళ్ల నాన్న మొదట కొన చూసేవాడు. "తెగిన దారానికి పీచు లేస్తాది. ఆ పీచు సూస్తే నూలు తప్పో, చుట్టినోళ్ల తప్పో తెలిసిపోతాది" అనేవాడు. ఈ ఎమ్మిగనూరు అత్త ఆ కొన చూపించనే చూపించదు. అడిగేలోపే గుంతలో పడేస్తుంది. మగ్గం కొయ్యకు కట్టుకున్న చిన్న కత్తెరను కూడా ఎవర్నీ ముట్టనివ్వదు.

అసలే సునంద విసిగిపోయి ఉంది. కాన్పయిన దగ్గర్నుంచి మూడుసార్లు జబ్బు పడింది. ఎడమ రొమ్ము ఎర్రగా కమిలి, గట్టిగా గడ్డకట్టి, పళ్లు టకటకలాడే చలితో జ్వరం. మొదటిసారి వచ్చినప్పుడు దిష్టి అన్నారు. అత్త మాత్రం, "మేము కనలేదా, కని మగ్గం మీద కూసోలేదా?" అంది. ఆ మాట సునంద ఇంకా మరిచిపోలేదు. మూడోసారి వచ్చినప్పుడు భర్త ఈరేష్ ఆదోనికి తీసుకుపోయాడు. బిడ్డను ఎత్తుకుని అత్త కూడా వచ్చింది.

"మందులతో ఇది తగ్గుతుంది. మళ్లీ రాకుండా చూసుకోవాల్సింది నువ్వే" అంది డాక్టరమ్మ. "పాలు ఎప్పుడెప్పుడు ఇస్తున్నావు?"

"ఏడ్సినప్పుడు మేడమ్."

"ఏడవగానే లేస్తున్నావా?"

సునంద తల దించుకుంది. రాట్నం ముందు కూర్చుంటే బిడ్డ ఏడుపు వినపడదు. వినపడినా, ఈ ఒక్క కండె అయ్యాక లేద్దామనుకుంటుంది. ఒకటి అయ్యాక ఇంకొకటి. ఈలోపు జాకెట్టు తడిసి, రొమ్ము సలుపుతుంది.

"రెండు మూడు గంటలు దాటనీయొద్దు. రెండు పక్కలా తాపించు. బిగుతు జాకెట్లు వద్దు. గడ్డ ఉందని గట్టిగా పిసకొద్దు, చల్లని గుడ్డ పెట్టుకో. పాలు మాత్రం మాన్పించొద్దు, ఉన్నపళంగా మాన్పిస్తే ఇంకా ముదురుతుంది. చీము పట్టిందంటే కోయాల్సి వస్తుంది."

ఆ చివరి మాటకు సునంద, పక్కనే నిలబడి వింటున్న అత్త చేతుల్లోంచి బిడ్డను గబుక్కున తీసుకుంది. బస్సులో ఎమ్మిగనూరు దాకా ఏడుస్తూనే ఉంది. పక్కనే కూర్చున్న అత్త ఒక్క ఓదార్పు మాట అనలేదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

జ్వరం తగ్గి మళ్లీ రాట్నం ముందు కూర్చుంటే ఇదిగో, ఈ కండెల గోల.

"మీ యమ్మకు నా పని నచ్చకుంటే నేరుగా సెప్పమను. రోజూ ఈ సాధింపేంది?" అని ఈరేష్‌ను నిలదీసింది.

"అమ్మ మగ్గంలో దారం తెగేది నా చిన్నప్పట్నుంచి సూడలేదు" అన్నాడు ఈరేష్ నవ్వుతూ. "నీ కండెల్లోనే ఏదో ఉండాది మే."

సునందకు ఏడుపొచ్చింది. బిడ్డకు సరిగా పాలివ్వడం చేతకాదని ఇప్పటికే తనమీద తనకు కోపం. చిన్నప్పట్నుంచి వచ్చిన పని కూడా చేతకాదంటే ఇంక మిగిలిందేమిటి?

నెలన్నర తర్వాత మళ్లీ ఆదోని పోయారు. డాక్టరమ్మ పరీక్ష చేసి సంతోషపడింది. "గడ్డ లేదు, జ్వరం రాలేదు. వేళకు పాలిస్తున్నావన్నమాట."

"ఇయ్యక ఏం జేయాల మేడమ్, చుట్టే పని పాయ గదా" అంది సునంద కసిగా.

ఆ గురువారం ఉచ్చీరమ్మ మొక్కు ఉందని ఉరుకుంద ఈరన్న గుడికి పోయింది. ఏం మొక్కో ఎవరికీ చెప్పలేదు. సునంద ఈ రోజు కోసమే కాచుకుని ఉంది. తెగిన దారాలు పోగుచేసి నాన్నకు చూపిస్తుంది. తప్పు నూలుదే అని ఆయన చేత చెప్పిస్తుంది. అప్పుడు అత్త ముఖం చూడాలి.

బిడ్డను పడుకోబెట్టి మగ్గం గుంతలోకి దిగింది. మూలన దారపు ముక్కలు గుప్పెడు దొరికాయి. అన్నీ తాను చుట్టిన నూలే. ఒకటి తీసి కిటికీ వెలుగుకు పెట్టి చూసింది. నున్నగా ఉంది. రెండో కొన చూసింది. అదీ నున్నగానే ఉంది. తెగిన దారమైతే ఒక పక్కనైనా పీచు లేవాలి. ఇంకొకటి తీసింది, మరొకటి తీసింది, చివరికి గుప్పెడూ ఒళ్లో పోసుకుని ఒక్కొక్కటే చూసింది.

అన్నీ కత్తెరతో కోసినవే. దారం తెగిన ప్రతిసారీ అత్త చూసే గోడ గడియారం వైపు సునంద తలెత్తి చూసింది; బిడ్డకు పాలిచ్చే వేళ కావస్తోంది.