అమ్మ పోలిక

“అందరూ మీ పిల్లలేనా? ఒక్కరికీ మీ పోలిక లేదే” అనేవారు, బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు.

మమ్మల్నందరినీ పెంచుకున్నానని అమ్మ చెప్పేది కాదు. మిషను ఆపకుండానే తన పోలికలు పంచిపెట్టేది. “లేకేం? పెద్దోడికి నా ముక్కు. ఈ పిల్లకి నా నోరు, ఓ పట్టాన ఊరుకోదు. ఆ మూల పడుకున్నవాడికి నా గురక.”

వాళ్ళు మా మొహాలు పట్టి పట్టి చూసి, నిజమేనని తలూపి వెళ్ళేవారు. మేం గుడ్డపీలికల కుప్ప మీద పడి నవ్వేవాళ్ళం.

అందరికన్నా చివర మా ఇంటికొచ్చిన చెల్లి మాత్రం నవ్వేది కాదు. “మరి నాకేం వచ్చిందమ్మా?”

“నీకింకా బయటపడలేదే. కొందరికి ఆలస్యమవుతుంది, ఆగు.”

ఆ మాట పట్టుకుని మేం దాన్ని ఏళ్ళ తరబడి ఏడిపించాం. అది తుమ్మినా, “బయటపడిందా?” అనేవాళ్ళం.

అమ్మ పోయాక డాక్టరు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టాడు. “ఈ గుండెజబ్బు తల్లి నుంచి పిల్లలకి వస్తుంది. అందరూ రక్తపరీక్ష చేయించుకోవాలి.”

మేం కన్నపిల్లలం కాదని చెప్పబోయిన అన్నయ్య నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. చెల్లి అప్పటికే చొక్కా చెయ్యి పైకి మడుస్తోంది. దాని వెనకే మేమంతా వరసకట్టాం.

“అదృష్టవంతులు, ఒక్కరికీ రాలేదు” అన్నాడు డాక్టరు, రిపోర్టులు చేతికిస్తూ.

చెల్లి తన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నాది ఇంకోసారి చూడండి డాక్టరుగారూ. నాకు ఆలస్యంగా బయటపడుతుందని మా అమ్మ చెప్పింది.”