అంబాజీపేట సంతలో రత్నం చీర

"పాలు తీసి చూపిస్తే గానీ మారకం లేదండి," అని నూకరాజు తన గేదె తాడు పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు.

"చూపించకేమండీ? బావకి జొరం. అందుకే మా చెల్లెల్ని తీసుకొచ్చేను," అన్నాడు సత్తియ్య.

కొంగు గడ్డం దాకా లాక్కుని, చెంబు పట్టుకుని ముందుకొచ్చిన శాల్తీ చెల్లెలు కాదు. ఆ చెల్లెలి మొగుడు సింహాద్రి.

ధవిళేశ్వరం ఆనకట్ట కట్టిన కొత్తల మాట ఇది. అప్పట్లో అంబాజీపేట సంతలో ఏనుగునైనా వదిలించుకోవచ్చు గానీ సింహాద్రి గేదెని వదిలించుకోవడం బ్రహ్మతరం కాదు. అది అతని పెళ్ళాం రత్నం చీర కనపడితేనే పాలు చేపుతుంది. ఇంకెవరు పొదుగు మీద చెయ్యేసినా, అది తన్నిన తన్నుకి గోదారి అవతల పడి పడవెక్కి ఇంటికి రావాలి. దాని మూలంగా రత్నం పుట్టింటి గడప తొక్కి రెండేళ్ళయింది.

"ఈ సంతలో అది పోకపోతే నేనే పోతాను. నువ్వూ నీ గేదే కాపరం చేసుకోండి," అని పొద్దున్నే తేల్చేసింది. సంతకి రమ్మంటే రాలేదు, చీర మాత్రం మొహాన కొట్టింది. మీసం తీసెయ్యి బావా అని సత్తియ్య బతిమాలితే సింహాద్రి ససేమిరా అన్నాడు. చివరికి ముసుగుకి ఒప్పుకున్నాడు.

గేదె చీర వాసన చూసింది. చేపింది. చెంబు నిండి నురగ పొర్లింది.

"అమ్మాయి చెయ్యి మంచిదండి. మనిషే కాస్త పొడుగు," అన్నాడు నూకరాజు.

"మా వంశమే అంతండి. మరి మీ గేదో?"

"ఆయ్, మా ఆడమనిషి తీస్తుందండి. పరాయి మగాళ్ళ ముందు నోరిప్పదు, ఏమనుకోకండి."

నూకరాజు పెళ్ళాం పసుపు చీర కట్టుకుని, నడుం దాకా ముసుగేసుకుని వచ్చింది. రెప్పపాటులో చెంబు నింపింది. తలెత్తకుండా పక్కకి వెళ్ళి నించుంది.

సింహాద్రి మనసు కరిగి నీరైపోయింది. 'మా రత్నమైతే ఈపాటికి సంతంతా ఏకం చేసును. ఆహా, ఏం సిగ్గు, ఏం వినయం. ఇలాంటి ఇల్లాలు పెంచిన గేదె ఇంకెంత సాధువో,' అనుకుని ఒప్పుకోమన్నట్టు సత్తియ్య వీపు మీద గిల్లేడు.

తాళ్ళు చేతులు మారేయి.

"మళ్ళీ వెనక్కి తీసుకోమంటే కుదరదు సుమండీ," అన్నాడు సత్తియ్య.

"ఆ మాట నేనే అందామనుకుంటున్నానండి," అన్నాడు నూకరాజు.

రత్నం గండం గట్టెక్కిందన్న సంబరంతో, చీర విప్పడానికి సింహాద్రి కొబ్బరిపీచు గుట్ట వెనక్కి పరిగెత్తేడు.

అక్కడ అప్పటికే నూకరాజు పెళ్ళాం పసుపు చీర మడతపెట్టి చంకలో పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, మీసం దువ్వుకుంటోంది.