కాటుక తగువు

"నా కాటిక నువ్వు ముట్టుకున్నావా, లేదా? అది సెప్పు ముందు."

కుడి కన్ను వాచి మూసుకుపోయింది. ఉన్న ఒక్క ఎడమ కంటితోనే పద్మకుమారి తోడికోడల్ని నిలదీసింది.

"నాది నాకున్నాది కదక్కా. నీదెందుకు ముట్టుకుంతాను?" అంది అనూరాధ.

అరసవల్లిలో గుడికెళ్లే రోడ్డు మీద వాళ్లది కింద బట్టల కొట్టు, పైన ఇల్లు. నిన్నటిదాకా ఆ ఇంట్లో తోడికోడళ్లిద్దరూ ఒకరి జడ ఒకరు వేసుకునేవారు. ఇవాళ ఒక కాటుక పెన్సిల్ వచ్చి మధ్యలో కూర్చుంది.

పద్మకుమారికి ఈ కంటి బాధ కొత్త కాదు. పొద్దున్నే కాటుక పెట్టుకుంటుంది. పెట్టుకున్న మరుక్షణం తుమ్ముతుంది. సాయంత్రానికి కన్ను మండుతుంది. ఆ తుమ్ములతో ఇంకో చిక్కు. సరిగ్గా మావగారు లక్ష్మణరావు కొట్టు తెరవడానికి మెట్లు దిగే వేళకే వస్తాయవి. తుమ్ము వినబడితే ఆయన వెనక్కొచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి గానీ మళ్లీ కదలడు. ఆ కాస్తలో ఎదుటి కొట్టువాడు బోణీ కొట్టేస్తాడు.

ఈసారి వాపు చూసి భయపడి శ్రీకాకుళం కళ్ల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఆవిడ టార్చి వేసి చూసి కోప్పడింది.

"ఈ కాటుక ఇంకెవరు వాడుతున్నారమ్మా?"

"ఎవరూ వాడరండి. కానీ కొన్న కొద్ది రోజులకే సగం అరిగిపోతన్నాది."

"మరి అర్థం కావట్లేదా? ఎవరో వాడుతున్నారు. ఒకరు వాడింది ఇంకొకరు పెట్టుకుంటే ఉన్న రోగాలన్నీ కంట్లోకే వస్తాయి. ఇది పారేయండి. కన్ను పూర్తిగా తగ్గేదాకా కాటుక జోలికి పోవద్దు. తగ్గాకైనా కొత్తది కొనుక్కుని, రాత్రి శుభ్రంగా కడుక్కుని పడుకోండి. నిర్లక్ష్యం చేస్తే నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. చూపుకే ముప్పు."

చూపు మాట వినేసరికి పద్మకుమారి గుండె జారిపోయింది. ఇంట్లో కాటుక పెట్టుకునే ఆడది తను కాక ఇంకొకతే ఉంది. ఇక ఆలోచించడానికేముంది?

చీకటి పడకముందే అనూరాధ బట్టలు సర్దేసింది.

"దొంగ అనిపించుకుని ఈ ఇంట్లో నేనుండను. విజయనగరం మా అమ్మోళ్లింటికి ఎల్లిపోతాను. వేరు కాపురం పెడితేనే మళ్లీ వస్తాను."

అన్నదమ్ములు చెరో పక్కకీ మొహాలు తిప్పుకున్నారు. ఇల్లు రెండు ముక్కలయ్యేలా ఉంది. పద్మకుమారి మొగుడు చంద్రమౌళి ఇక తన వల్ల కాదని, తండ్రిని పిలుచుకొచ్చాడు.

లక్ష్మణరావంటే బజారంతటికీ గురి. తల ముగ్గుబుట్టయినా మీసం మాత్రం ఒక్క వెంట్రుకా నెరవలేదు. అంతా ఆ సూర్యనారాయణమూర్తి చలవ అంటాడు. అలాంటి మీసం ఉండి కూడా ఏనాడూ మెలేసి ఎరగడు. అంత నిగర్వి. కాఫీ సైతం గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంటాడు. అంత శుభ్రం.

ఆయన కుర్చీలో కూర్చుని, అలవాటు ప్రకారం ముక్కుపొడి ఓ పట్టు పీల్చి, తీర్పుకి దిగాడు.

"అమ్మీ అనూరాధా, ఆ సంచీ దింపు. పద్మా, ఈ పిల్ల నీ కాటిక తీత్తుంటే నువ్వు కళ్లతో సూసావా?"

"సూడలేదు మావయ్యా."

"సూడకుండా దొంగంటే ఎలాగ? రేపు నన్నూ అంటావు."

అంత బాధలోనూ పద్మకుమారికి నవ్వొచ్చింది. "మీరేటి మావయ్యా, మీరు కాటిక ఎట్టుకుంతారేటి!"

అనూరాధ కూడా పక్కకి తిరిగి నవ్వుకుంది.

"డాక్టరమ్మ ఏటన్నాది?" అనడిగాడు లక్ష్మణరావు.

చంద్రమౌళి పూస గుచ్చినట్టు చెప్పాడు. నల్లగుడ్డు మీద పుండు అనగానే పెద్దాయన మొహం పాలిపోయింది. కోడలి మీద నాన్నకి ఇంత ప్రేమా అని చంద్రమౌళికి కళ్లు చెమర్చాయి.

"నా మాట ఇనండి," అన్నాడు లక్ష్మణరావు గొంతు సవరించుకుని. "పాతవి పారెయ్యండి. కొత్తవి నేనే కొని తెస్తాను. ఎవరి కాటిక వాళ్లదే. ఒకరిది ఇంకొకరు ముట్టుకోడానికి లేదు. దొంగెవరన్న మాట మాత్రం ఇంక ఈ ఇంట్లో ఎత్తకండి."

అప్పటికప్పుడే చెప్పులేసుకుని బజారుకెళ్లి, కోడళ్లిద్దరికీ చెరో పెన్సిల్ తెచ్చి చేతిలో పెట్టాడు. పద్మకుమారి వెళ్లి అనూరాధ చెయ్యి పట్టుకుంది. "నా నోరే అంతమ్మా. మనసులో పెట్టుకోకు," అంది. అనూరాధ ఏడ్చేసి, సంచీలో చీరలు మళ్లీ బీరువాలో పెట్టేసింది.

మందు చుక్కలతో కన్ను తగ్గింది. పూర్తిగా తగ్గాకే పద్మకుమారి కొత్త పెన్సిల్ మూత తీసింది. భయం భయంగా పెట్టుకుంది. తుమ్ము రాలేదు. సాయంత్రమైనా మంట లేదు.

"ఎవరికీ తప్పు అంటని తీర్పంటే మా మావయ్యదే," అని తోడికోడళ్లిద్దరూ వీధంతా చెప్పుకున్నారు. తుమ్ముల గొడవ లేక కొట్టు కూడా వేళకే తెరుచుకుంటోంది.

ఎవరి కాటుక వాళ్లదే అన్న తన తీర్పుకి లక్ష్మణరావు కూడా కట్టుబడ్డాడు: రోజూ కొట్టుకి బయల్దేరే ముందు గది గడియ పెట్టుకుని, ఆనాడు బజార్లో కొన్న మూడో పెన్సిల్‌ని తలగడ కింద నుంచి తీసి, అద్దంలో చూసుకుంటూ తెల్లమీసాన్ని నల్లగా దిద్దుకుంటున్నాడు.