చిన్నదాని దుబాసీ

"పెద్దమ్మాయిని బయట కూర్చోబెట్టండి," అంది మాటలు నేర్పే మేడమ్.

"అదెలా కుదురుతుందమ్మా?" అమ్మమ్మ పెద్ద మనవరాలి భుజం వదల్లేదు. "చిన్నది చెప్పేది మాకెవరికీ అంతుపట్టదు. దీన్ని బయటికి పంపితే మీరూ అదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవాల్సిందే."

చిన్నదానికి నాలుగున్నరేళ్లు. మాటలు లేక కాదు. ఉన్నవి వరసలోకి రావు, వచ్చినవి సగమే వస్తాయి. "మంచం కింద కుక్క ఉంది" అనాల్సిన చోట "తుత్త... తంత" అని ఊరుకుంటుంది. ఇంటిల్లిపాదికీ దుబాసీ ఎనిమిదేళ్ల అక్కే. చెల్లెలు నోరు మెదిపితే చాలు, అర్థం చెప్పేస్తుంది.

మేడమ్‌కి నమ్మకం కుదరలేదు. ఇలాంటి అక్కల్ని చాలామందిని చూసింది. సగం వింటారు, సగం అల్లుతారు. ఈ పిల్ల ఏ రకమో తేల్చుకోవాలనిపించింది.

"సరే, ఉండనివ్వండి. ముగ్గురం ఒక ఆట ఆడదాం."

చిన్నదాన్ని గది మూలకి తీసుకెళ్లి, అక్కకి కనబడకుండా ఒక బొమ్మ చూపించింది. అది పరుగున వచ్చి అక్క ముందు నిలబడి, "పిల్లి... దొదు," అంది.

"గొడుగు కింద పిల్లి," అంది అక్క.

రెండో బొమ్మకి, "తాత టోపీ ఎగిరిపోయింది." అదీ సరిపోయింది. ఆరు బొమ్మలకి ఆరూ ఒప్పే.

"నే చెప్పలా?" అంది అమ్మమ్మ.

చేతులు తిప్పి చూపిస్తోందేమో. మేడమ్ చిన్నదాని చేతులు రెండూ గౌను జేబుల్లో పెట్టించింది. మళ్లీ ఆరుకి ఆరు.

మేడమ్ కుర్చీ ముందుకి లాక్కుంది. ఇంటికెళ్లే వేళ అయిందన్న సంగతే మర్చిపోయింది. ఈ ముక్కల్లో అక్క దేన్ని పట్టుకుంటోంది? ఆ కిటుకేదో దొరికితే చిన్నదానికి పాఠం అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. కళ్లతో ఏమైనా చెప్పుకుంటున్నారా? అదీ తేల్చేద్దామని, ఇద్దరి మధ్యా గుడ్డ తెర నిలబెట్టింది.

తెర వెనక నించి చిన్నది, "పాప... బంతి," అంది. ఈసారి అమ్మమ్మకి కూడా అర్థమయ్యేంత తేటగా అంది.

అక్క తెరకేసి చూస్తూ కూర్చుంది.

మేడమ్ ఆ పిల్ల ఎదురుగా వచ్చి వంగింది. "ఏమందమ్మా చెల్లి?"

"ఇంకా ఏమీ అన్లేదుగా."

"పాప! బంతి!" చిన్నది గొంతు పెంచింది. మళ్లీ అంది. మూడోసారి ఏడుపు గొంతుతో అంది.

"ఇప్పుడు?"

"అది మాట్లాడ్డం లేదు మేడమ్," అంది అక్క.

అమ్మమ్మకి తల కొట్టేసినట్టయింది. "వేషాలెయ్యకే! బళ్లోనూ ఇదే వరస మేడమ్. పిలిస్తే పలకదు. పరధ్యానం ఎక్కువని వాళ్ల టీచరు రోజూ చెప్తూనే ఉంది."

ఆ మాట ఫైల్లో రాసుకోబోయి మేడమ్ ఆగింది. ఆ పిల్ల మొహంలో వేషం లేదు. కళ్లు తెర అంచుని పట్టుకుని వేలాడుతున్నాయి, చెల్లెలు ఎప్పుడు కనిపిస్తుందా అని.

తెర మడిచి గోడకి ఆనించింది. చిన్న పిల్లల కుర్చీ ఒకటి లాక్కుని, మోకాళ్లు తగిలేంత దగ్గరగా అక్క ఎదురుగా కూర్చుంది.

"ఏం చదువుతున్నావ్?"

"మూడో తరగతి," ఠక్కున వచ్చింది జవాబు.

మేడమ్ చేతిలోని ఫైలు ఎత్తి ముక్కు నించి గడ్డం దాకా కప్పుకుంది. గొంతు అంతే ఉంచి అడిగింది, "చెల్లెలంటే నీకిష్టమా?"

అక్క నవ్వుతూ, ఆ ఫైలు కిందికి దిగాక మేడమ్ ఏం అడుగుతుందోనని ఎదురుచూస్తూ కూర్చుంది.