అద్దంలో చెయ్యి

ఆపరేషన్ తర్వాత కూడా అతని ఎడమ చేతిలో చలనం రాలేదు. రెండు చేతుల మధ్య అద్దం నిలబెట్టి, ఫిజియోథెరపిస్టు చెప్పింది: "కుడి చెయ్యి ఆడిస్తూ అద్దంలోకే చూడండి. ఎడమది కదులుతున్నట్టే ఉంటుంది. మెదడు నమ్మితే చాలు."

ఆ రాత్రి వార్డంతా నిద్రపోయాక అతనొక్కడే మధ్యలో అద్దం పెట్టుకుని, కుడి గుప్పిట మూస్తూ తెరుస్తూ కూర్చున్నాడు. అలసిపోయి ఆపేశాడు. అద్దంలో చెయ్యి మాత్రం ఆగలేదు.

"ఇదిగో, లే ఓసారి. కదులుతోంది," అన్నాడు.

మంచం పక్కన పడుకున్న భార్య లేచి, అద్దం వెనకనున్న ఎడమ చెయ్యి పట్టుకుని చూసింది. ఎప్పటిలాగే చచ్చుగా, చల్లగా ఉంది.

"ఎక్కడండీ? ఇంక నన్ను ఆశపెట్టకండి."

"అక్కడ కాదే, అద్దంలో," అంటూ వేలు పెట్టి చూపించబోయాడు.

కుడి చెయ్యి లేవలేదు.

అద్దంలో గుప్పిట మూసుకుంటూ, తెరుచుకుంటూనే ఉంది.