ఆవిరి గదిలో రాని మాట

"కక్కెయ్యరా. లోపలే పెట్టుకుంటే ఈ వేడికి ఉడికిపోతుంది" అన్నాడు తావెత్తి తాత, పొయ్యి మీది రాళ్ళపై గరిటెడు నీళ్ళు పోస్తూ.

రాళ్ళు బుస్సుమన్నాయి. పై బల్ల మీదున్న ఎల్యాస్ నోరు తెరిచి, ఇంత ఆవిరి మింగి, మళ్ళీ మూసుకున్నాడు. పక్కనే తాత మనవడు యల్మరి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి పొయ్యికేసి చూస్తున్నాడు.

ఆ ఆవిరి స్నానాల గదికి, తాత సౌనాకి, ఒకటే కట్టుబాటు. ఆవిరి గదిలో అబద్ధం ఆడకూడదు. వెనకటికి పొరుగాయన ఒకడు మూరెడు చేపను బారెడని కోతలు కోస్తే, మండుతున్న పొయ్యి అక్కడికక్కడే చల్లారి రాళ్ళ మీద మంచు పేరుకుందట. ఆయన కనుబొమలైతే వసంతం వచ్చేదాకా కరగలేదట. తాత కథల్లో నిజమెంతో గది బయటి సరస్సుకే తెలియాలి. కట్టుబాటును మాత్రం ఎవరూ దాటలేదు. ఎల్యాస్, యల్మరి పాలపళ్ళ నాటినుంచీ ఆ బల్ల మీదే పెరిగారు. ఇద్దరికీ టెన్నిస్ రాకెట్ పట్టడం నేర్పిందీ తాతే.

"ప్రపంచ ర్యాంకు తెచ్చుకున్న మొనగాడు గదా, మనలాంటివాళ్ళతో ఏం మాట్లాడతాడు" అన్నాడు తాత మళ్ళీ. ఆ జాబితాను అడుగునుంచి చదివితే ఎల్యాస్ పేరు త్వరగానే తగులుతుంది. అయినా ర్యాంకు ర్యాంకే.

ఆ మాట వినగానే ఎల్యాస్ చూపు యల్మరి మీదికి పోయింది.

ఆకులు రాలే కాలంలో, గాలి నింపిన గుడారంలాంటి హాలులో జరిగిన చిన్న పోటీ అది. గెలిస్తే అసలు పోటీలోకి ప్రవేశం, ఎల్యాస్‌కి ర్యాంకు దొరికిందీ అందులోనే. ఎదురుగా యల్మరి. ఆ స్థాయి ఆటల్లో గీతల దగ్గర తీర్పు చెప్పేవాళ్ళెవరూ ఉండరు. తన వైపు పడ్డ బంతి లోపలో బయటో ఆటగాడే చెప్పాలి, ఎదుటివాడు నమ్మాలి. ఆ గచ్చు మీద గుర్తు కూడా మిగలదు. చివరి పాయింటుకి యల్మరి తన ప్రాణంలాంటి బ్యాక్‌హ్యాండ్ కొట్టాడు. ఎల్యాస్ వేలెత్తి "అవుట్" అన్నాడు. యల్మరి మారు మాట్లాడకుండా వచ్చి చెయ్యి కలిపాడు. గెలిచిన పొంగులో ఎల్యాస్ నోరు జారాడు.

"నీ బ్యాక్‌హ్యాండ్‌కి ముసలితనం వచ్చేసిందిరా. పింఛను ఇప్పించెయ్."

యల్మరి ఇప్పించేశాడు. రాకెట్ల సంచిని కట్టెల కొట్టంలో మేకుకి తగిలించి, ఐస్ హాకీ మైదానంలో మంచు చదునుచేసే బండి మీద పనికి కుదిరాడు. కళ్ళు మూసుకుని కొట్టే దెబ్బే గీత దాటిపోయాక ఇంక తనలో మిగిలిందేముందని, ఎందుకు మానేశావన్న వాళ్ళందరికీ చెప్పాడు. ఎల్యాస్ మాత్రం ఆ తర్వాత వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఓడాడు. సర్వీసుకి బంతి ఎగరేస్తే బంతి బదులు ఆ మేకు కనిపించేది.

"సోమవారం రాకెట్లు బడికిచ్చేస్తున్నా. నీకేమన్నా కావాలంటే తీసుకో" అన్నాడు యల్మరి, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

ఎల్యాస్ లేచి నిలబడ్డాడు. "ఊపిరాడట్లేదు. బయటికి రా, నీతో మాట్లాడాలి."

"వేడెక్కువైతే కింది బల్ల మీదకి దిగు. మాట్లాడుకోడానికి ఇంతకన్నా మంచి చోటేదిరా" అన్నాడు తాత.

ఎల్యాస్ అప్పటికే తువ్వాలు చుట్టుకుని తలుపు దాటేశాడు.

సరస్సు మంచులో మునకలకని కోసిన గుంట పక్కన, ఒళ్ళు పొగలు కక్కుతుంటే ఇద్దరూ చెక్కల మీద నిలబడ్డారు.

"ఆ బంతి లోపల పడింది" అన్నాడు ఎల్యాస్.

"ఏ బంతి?"

"ఏదో నీకు తెలుసు. గీత మీద పడింది. చూసే వేలెత్తాను."

యల్మరి గడ్డకడుతున్న జుట్టు కొసలు వెనక్కి తోసుకున్నాడు.

"గీత మీదా?"

"నిండుగా."

"నువ్వు చెప్పావని నమ్మానురా. నా చేతికన్నా నీ మాటే ఎక్కువ నమ్మాను."

"తెలుసు" అన్నాడు ఎల్యాస్. యల్మరి రెండు చేతులతో ఒక్క తోపు తోశాడు.

గుంటలో మునిగి, పళ్ళు టకటకలాడుతూ ఎల్యాస్ నిచ్చెన పట్టుకుని పైకొచ్చేసరికి యల్మరి అక్కడ లేడు. తాత గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడని ముఖమే చెబుతోంది.

"ఈ ముక్క లోపల చెప్పడానికేం?"

"లోపల నోరు రాలేదు తాతా."

"నా ఆవిరి తాగి పెరిగినవాడివి" అన్నాడు తాత. ఆ గొంతులో వేళాకోళం లేదు. "ఇంక నా సౌనా గడప తొక్కకు."

ఎల్యాస్ తల వంచుకుని బట్టలు వేసుకున్నాడు. తడి జుట్టు టోపీలోకి తోసుకుని కారు దగ్గరికి నడుస్తుంటే, కట్టెల కొట్టం వైపునుంచి గోడకి బంతి తగులుతున్న చప్పుడు మొదలైంది. తువ్వాలు మీద కోటు, కాళ్ళకి బూట్లు, చేతిలో రాకెట్‌తో యల్మరి. చలికి బిగిసిన బంతి సరిగ్గా ఎగరట్లేదు. అయినా వంగి వంగి బ్యాక్‌హ్యాండే కొడుతున్నాడు.

"వేసవిలో రారా దొంగా" అన్నాడు ఆగకుండానే. "ఈసారి ఎన్ని వేళ్ళెత్తుతావో చూస్తా."

ఎల్యాస్ కారు తలుపు తెరిచి, ఆ చప్పుడు వింటూ కాసేపు నిలబడ్డాడు.

ఆనాటి బంతి నిజానికి గీతకు బెత్తెడు బయటే పడింది.